అయిదు తూటాల తుపాకీ

నేస్తం పేరు నోటితో పలకకూడదు. మా వైపు అది కట్టుబాటు. చేత్తో రాయొచ్చా, రాయకూడదా అన్నది మాత్రం పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదయింది, లేకపోతే ఈ నాలుగు మాటలూ రాయలేకపోయేవాణ్ణి. నా నేస్తం పేరు అప్పలరాజు. రంభ దాటాక చిలక సరస్సు ఒడ్డున ఒక పల్లెలో పుట్టాడు, అక్కడే ఉన్నాడు. పేపర్లో పడేంత ఘనకార్యం ఏదీ చెయ్యలేదు. ఒక్కసారి పడబోయాడు, అదీ దొంగగా, నా పుణ్యమా అని.

నేను జగ్గారావుని. బరంపురం బడా బజార్లో మా నాన్న పెట్టిన తుపాకుల మరమ్మతు కొట్టు నాది. ఇప్పుడు అదే కొట్లో కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాను. ఎందుకలా అయిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. సిగ్గుపడాల్సిన రోజున పడలేదు కాబట్టి ఇప్పుడు పడుతున్నాను, నష్టం లేదు.

మాకు నేస్తరికం ఎలా కలిసిందో ముందు చెప్పాలి. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. సరస్సు అవతల ఊళ్ళో ఒక రైతు తుపాకీ బాగుచేసి, ఇచ్చి రమ్మని నాన్న నన్ను పంపాడు. పడవ నడిపేవాడిది నా వయసే. నడి నీళ్ళలో నేను హీరోలా లేచి నిల్చున్నాను. పడవ ఒరిగింది, తుపాకీ బుడుంగుమంది. ఎవరిదో లైసెన్సు తుపాకీ పోతే నాన్న కొట్టు మూసుకోవాల్సిందే. ఆ పడవవాడు దూకాడు. రెండుసార్లు ఖాళీ చేతుల్తో తేలాడు. మూడోసారి నెత్తి మీద నాచుతో, చేతిలో తుపాకీతో పైకొచ్చాడు.

"ఇదిగో నీ ఇనప సేప. ఇంకోపాలి పడవలో నిల్సున్నావంటే నిన్నొగ్గీసి దీన్నే తీత్తాను," అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళమ్మ జగ్గమ్మ, పూరీ నుంచి తెచ్చి ఎండబెట్టి దాచుకున్న మహాప్రసాదం మెతుకులు తీసి, నా చేత అతని నోట్లో, అతని చేత నా నోట్లో పెట్టించింది. "ఈయాల్టి నుంచి మీరు నేస్తాలు. ఒకల్నొకలు పేరెట్టి పిలుసుకోకూడదు. అబద్దమాడుకోకూడదు. మిగతావన్నీ మీ ఇట్టం," అంది. ఉన్నవి రెండే షరతులు.

అతను ఆ మొదటి షరతుని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఒకసారి నాకు కామెర్లు ముదిరితే పెద్దాసుపత్రికి మోసుకెళ్ళాడు. చీటీ రాసే అతను రోగి పేరు అడిగాడు. ఇతను నా చొక్కా జేబులోంచి లైసెన్సు కాగితం తీసి, వేలు పెట్టి చూపించాడు. "ఏం, పలకడానికి నోరు రాదా?" అని ఆ మనిషి విసుక్కుంటే, "రాదు బాబూ" అన్నాడట. మా ఆవిడ సరళ ఇప్పటికీ అది చెప్పుకుని నవ్వేది. నవ్వేది అని ఎందుకు రాశానంటే, ఈ మధ్య నవ్వడం లేదు.

అప్పట్లో అప్పలరాజు బాతుల వేటగాడు. తండ్రి నుంచి వచ్చిన నాటు తుపాకీ, మందు కూరి పేల్చేది. చలికాలం తెల్లవారుజామున నెత్తిన నాచు కప్పుకుని మెడలోతు నీళ్ళలో నిలబడేవాడు. సూదితోక బాతు అరిచినట్టు నోటితో అరిస్తే నిజం బాతులు వచ్చి పక్కనే వాలేవి. ఒక్క దెబ్బ. మళ్ళీ మందు కూరాలంటే పావుగంట. ఆ పావుగంటలో మిగతావి లేచి ఎగిరిపోయేవి, బతికిపోయేవి. తప్పు పనే, చట్టానికి విరుద్ధమే, కానీ తుపాకీ చేతకానితనం కొంత పిట్టల్ని కాసేది.

పద్నాలుగేళ్ళ క్రితం వాళ్ళ పల్లె మొత్తం అమ్మవారి ముందు ప్రమాణం చేసి వేట మానేసింది. తుపాకులు అటవీశాఖ వాళ్ళకి అప్పగించారు. నేస్తాన్ని ఎందుకు మానేశావని ఎవరడిగినా, "సలి బాబూ. ఆ నీల్లలో నిలబడ్డం నా వొల్ల కాదు," అనేవాడు. నాతో మాత్రం ఒకసారి అన్నాడు: "నా గొంతు ఇనీసి నమ్మకంగా ఒచ్చి వాలతాయి నేస్తం. నమ్మినదాన్ని కొట్టడం ఏటో బాగునేదు." ఆ ప్రమాణం రోజున తుపాకుల పని తెలిసినవాణ్ణని నన్నూ పిలిచారు. పిట్టల్ని కొట్టే తుపాకీ దేనికీ చెయ్యి వెయ్యనని నేనూ అమ్మవారి ముందు పసుపు నీళ్ళు ముట్టుకుని చెప్పాను. ఎవరూ అడగలేదు, నాకై నేనే చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు కూడా.

పిట్టల్ని కాయడానికి పల్లెలో పెట్టుకున్న సంఘం వాళ్ళు నేస్తానికి ఒక ఖాకీ టోపీ, ఒక ఈల, పడవకి ఒక నంబరు ఇచ్చారు. చలికాలం నాలుగు నెలలూ తెల్లారుతూనే పిట్టల కాపలా, పొద్దెక్కాక భువనేశ్వర్ నుంచీ కలకత్తా నుంచీ వచ్చినవాళ్ళని పడవలో తిప్పి చూపించడం. అదే గొంతుతో బాతుని పిలిచి పిల్లల్ని నవ్వించేవాడు. ఆ టోపీ ఇంట్లో మేకుకి తగిలించి, దాని మీద గుడ్డ కప్పి ఉంచేవాడు.

ఇక నా సంగతి. ఎన్నికలొస్తే లైసెన్సున్న తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. వానాకాలపు చెమ్మ తిని, తుప్పుతో తిరిగొస్తాయి. మాకదే సీజను. మొన్నటి ఎన్నికల తర్వాత లంజిపల్లి నుంచి ప్రకాష్ బాబు వచ్చాడు. రోడ్ల కాంట్రాక్టరు, గోపాలపూర్ దారిలో జీడితోట ఉంది. కారు డిక్కీలోంచి దుప్పట్లో చుట్టిన తుపాకీ తీసి నా బల్ల మీద పెట్టాడు.

సెమీ ఆటోమేటిక్. వాళ్ళ నాన్న కాలంలో విదేశం నుంచి వచ్చింది. మా దగ్గరికి వచ్చేవన్నీ ఒంటిగొట్టాలూ జంటగొట్టాలూ. పేల్చాలి, విరవాలి, ఖాళీ తూటా గోటితో లాగాలి, కొత్తది పెట్టాలి. దీనికి ఆ గొడవ లేదు. అయిదు తూటాలు పడతాయి. మీట నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలుతుంది, ఆ దెబ్బకే గొట్టం వెనక్కి వచ్చి ఖాళీ తూటాని బయటికి విసిరేస్తుంది, కింద ఉన్నది తనంతట తనే పైకెక్కుతుంది.

"ఒకటి పేలుతుంది జగ్గారావూ, రెండోది ఇరుక్కుంటుంది," అన్నాడు ప్రకాష్ బాబు. "అవి లేచాక ఎదురుగా ఎంతసేపుంటాయి చెప్పు?"

"ఏటి లేచాక బాబూ?"

"పందులయ్యా, పందులు," అని నవ్వాడు. లైసెన్సు మీద పంట రక్షణ కోసం అని ఉంది. కానీ తుపాకీ పక్కన పెట్టిన తూటాల పెట్టె చూశాను. సన్న రవ్వ, పిట్టల్ని కొట్టే చిన్న గుళ్ళు. అడవిపందికి సన్న రవ్వ తగిలితే దురద కూడా పుట్టదు. నాకు తెలిసింది. తెలియలేదని ఇప్పుడు రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

నా కొట్టు లైసెన్సు రెన్యువల్ ఎనిమిది నెలలుగా ఆగిపోయి ఉంది. "నేనొక మాట చెప్తాలే," అన్నాడు బాబు. దానికోసమే ఒప్పుకున్నానని చెప్పి తప్పించుకోవచ్చు. అసలు సంగతి ఏటంటే, ఆ తుపాకీ మీద నాకు మనసు పడింది. పదేళ్ళుగా అలాంటిది చేతిలోకి రాలేదు. మూడు రోజులు అన్నం కూడా బల్ల దగ్గరే తిన్నాను. ఖాళీ తూటాని పట్టి లాగే కొక్కెం అరిగిపోయింది. దానికి విడిభాగం ఈ దేశంలో దొరకదు. పాత స్ప్రింగు ఉక్కు ముక్క తీసుకుని కొత్త కొక్కెం చేశాను. నాది ఎడమ చెయ్యి, ఆకురాయి నా చేతిలో ఒక పక్కకి లాగుతుంది. కొక్కెం మొన మీద చిన్న వాలు ఉండిపోయింది. పని చేస్తుంది కదా అని వదిలేశాను.

జీడితోటలో ఇసక దిబ్బ మీదికి పేల్చి చూపించాను. అయిదూ ఒక్క ఊపిరిలో. ఖాళీలు ఏరి చూస్తే ప్రతిదాని ఇత్తడి అంచు మీదా వాలుగా ఒక గాటు. నా సంతకంలా ఉందని ముచ్చటపడ్డాను. "బరంపురంలో ఇలాంటి చెయ్యి లేదయ్యా," అని బాబు భుజం తట్టాడు. స్కూటర్ మీద ఇంటికొస్తూ దారంతా పాడుకున్నాను. ఇప్పుడా పాట ఎక్కడ వినపడినా తల కొట్టేసినట్టుంటుంది.

డిసెంబరు చివర్లో ఒక సోమవారం పొద్దున్నే నేస్తం కొట్టుకొచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. టోపీ లేదు. కూర్చుని, తువ్వాలు కొస ముడి విప్పి బల్ల మీద పోశాడు. అయిదు ఖాళీ తూటాలు.

ముందు రోజు తెల్లారుతుండగా తుంగ పొదల వైపు పేలిన చప్పుడు విని పడవ తోసుకెళ్ళాడట. అతను చేరేసరికి మోటారు పడవ వెళ్ళిపోతోంది. నీళ్ళ మీద పదకొండు చచ్చిన బాతులు, పొదల్లో రెక్కలు విరిగి కొట్టుకుంటున్నవి ఎన్నో. చచ్చినవాటిని, తుంగలో చిక్కుకుని తేలుతున్న ఈ ఖాళీ తూటాల్ని ఏరి తన పడవలో వేసుకుంటుండగా సంఘం వాళ్ళొచ్చారు.

"అయిదు పాల్లు పేలింది నేస్తం. ఊపిరి పీల్సి ఒగ్గేలోగా అయిదు. ఒక మనిసి అలగ పేల్సలేడు, నలుగురొచ్చుంటారంటన్నారు. ఆ నలుగుర్నీ నానే తీసుకొచ్చి సోటు సూపించానంటన్నారు. పాత ఏటగాడిని గదా."

"అమ్మేటంది?"

"అమ్మ నా సేతి నీల్లు తాగటం నేదు," అన్నాడు. అది చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. ప్రమాణం తప్పిన కొడుకు చేతి నీళ్ళు ఆవిడ తాగదు, అది నాకు తెలుసు.

"ఇయి ఒక తుపాకీవా, నాలుగింటివా? నువ్వు సూత్తే తెలిసిపోద్ది. సంఘపోల్లకి అదే సెప్పొచ్చాను, నా నేస్తం సూసి సెప్తాడు, ఆ మాటకి తిరుగునేదని."

భూతద్దం తీశాను. తియ్యనక్కర్లేదు, మామూలు కంటికే కనపడుతోంది. అయిదింటి మీదా వాలుగా నా గాటు. ప్రకాష్ బాబు పేరు చెప్పనక్కర్లేదు. "ఒకటే తుపాకీ, ఒకడే మనిషి, ఇలాంటివి అయిదు ఒకే దమ్మున పేల్చే తుపాకులుంటాయి" అంటే చాలు, నేస్తం బయటపడేవాడు. ఆ ఒక్క మాట నోట్లోకి వచ్చింది కూడా. తర్వాతేమవుతుంది? ఏ తుపాకీ అంటారు, బరంపురంలో అలాంటిది ఎవరికుంది అంటారు, ఎవరు బాగుచేశారంటారు. పసుపు నీళ్ళు ముట్టుకున్నది గుర్తుచేస్తారు.

"ఉప్పునీటికి ఇత్తడి పాడైపోనాది నేస్తం. సెప్పలేం," అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "నాలుగు తుపాకులవైనా అవ్వొచ్చు," అని కూడా అన్నాను. ఆ రెండో మాట ఎందుకు కలిపానో ఇవాళ్టికీ తెలియదు. అబద్ధం నిలబడటానికి ఇంకో కాలు కావాలనిపించింది కాబోలు.

"నిజంగానా?" అని అతను అడగలేదు. అడిగినా కొంత నయంగా ఉండేది. "అలగా," అన్నాడు. టీ తెప్పిస్తే తాగాడు. నాలుగు తూటాలు ముడి వేసుకుని ఒకటి బల్ల మీద ఉంచేశాడు. "తీరిక్కున్నప్పుడు ఇంకోపాలి సూడు," అని బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత సంగతులు అతని భార్య చిన్నమ్మి ద్వారా తెలిశాయి. జనవరి చివర్లో బజారుకొచ్చి, ఎప్పటిలాగే మాకు ఎండు రొయ్యలు తెచ్చింది. టోపీ, ఈల తీసేసుకున్నారట. పడవ నంబరు చెరిపేశారట. ఎండ్రకాయల వలలు అల్లుకుంటున్నాడట.

"మీరు సెప్పిన మాట ఆయనే సంఘంలో సెప్పేసినారన్నా," అంది చిన్నమ్మి. "'నా నేస్తం నాలుగు తుపాకులవైనా అవ్వొచ్చన్నాడు' అనీసి. అది సెప్తే తనకే ముప్పని తెలుసు. ఆ మాట ఎందుకు సెప్పాలి, మింగీవొచ్చు గదా అంటే, నేస్తం అన్నమాట సగం దాసి సగం సెప్తే అబద్దమే గదే అన్నారు."

ఆమె ముందు నుంచి లేచి లోపలికి వెళ్ళి, పని ఉన్నట్టు డబ్బాలు సర్దాను. నేను ఆడిన అబద్ధాన్ని ఆ మనిషి తు.చ. తప్పకుండా మోసుకెళ్ళి, నిజమనుకుని, తన మెడకే కట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ప్రకాష్ బాబు డ్రైవరు మా ఇంటికొచ్చి ఒక పొట్లం ఇచ్చాడు. "బాబు పంపారు. మీ చేతి పని బ్రహ్మాండంగా ఉందన్నారు. మీ రెన్యువల్ కూడా అయిపోతుందట," అన్నాడు. విప్పితే, మళ్ళీ ఎక్కడో కొట్టి తెచ్చి శుభ్రం చేసిన రెండు బాతులు. ఒకదాని తొడలో సన్న రవ్వ గుండు ఇంకా ఉంది.

సరళ ఆ పొట్లం చూసింది. వంటింట్లోంచి చిన్నమ్మి తెచ్చిన ఎండు రొయ్యల మూట తెచ్చి దాని పక్కన పెట్టింది. తర్వాత, కొట్టుబల్ల సొరుగులో నేను దాచింది ఎప్పుడు తెచ్చుకుందో, ఆ ఖాళీ తూటా వాటి మధ్యన పెట్టింది. నేను మూడు రోజులు ఆ కొక్కెం అరగదీస్తుంటే అన్నం పెట్టింది తనే. ఆ గాటు ఎవరిదో ఎప్పుడో కనిపెట్టింది, నేను చెప్తానేమోనని ఇన్నాళ్ళూ చూసింది.

"ఏది వొండమంటారు?" అంది.

నాకు ధైర్యం వచ్చి వెళ్ళానని ఎవరైనా అనుకుంటారేమో, కాదు. ఆ ప్రశ్న ముందు కూర్చోలేక లేచాను. పొట్లం, తూటా, కొట్టుకెళ్ళి తీసిన అరిగిన పాత కొక్కెం, తుపాకీ నంబరు రాసుకున్న రిజిస్టరు సంచిలో వేసుకుని రంభ బస్సెక్కాను. నేస్తం నా దగ్గరికొచ్చి వెళ్ళి అప్పటికి ఇరవయ్యారు రోజులు.

ఒడ్డున వలల పాక కింద సంఘం వాళ్ళున్నారు. అటవీశాఖ గార్డు కూడా ఉన్నాడు. నేస్తం ఒక పక్కన వల అల్లుతున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. "సూసినావా? ఏటైనా తెలిసిందా?" అంటూ లేచాడు. ఆ సంతోషం చూశాక చెప్పడం ఎంత కష్టమో నేను చెప్పలేను. ఆ రోజు నేను చేసిన పని ఏదైనా ఉందంటే, అతని మొహం చూస్తూ చెప్పడం, అంతే.

ఒకటే తుపాకీ అన్నాను. ఎవరిదో చెప్పాను. బాగుచేసింది నేనన్నాను. దేనికో తెలిసే చేశానన్నాను. ఆ సోమవారమే గాటు గుర్తుపట్టానన్నాను. సంచిలోవన్నీ ఒక్కొక్కటే తీసి పెట్టాను. సంఘం పెద్ద, ఒడియా ముసలాయన, నన్ను ఒక్కటే అడిగాడు, ఇన్నాళ్ళు ఎందుకు ఆగావని. నేను నేస్తం వైపు తిరిగాను. చెప్తుండగా ఎప్పుడు కూర్చున్నాడో, నేస్తం మళ్ళీ వల ముందు కూర్చుని ఉన్నాడు. చేతులు మాత్రం ఆడటం లేదు.

గార్డు అంతా రాసుకుని నాచేత సంతకం పెట్టించాడు. తర్వాత తుపాకీ పట్టుకున్నారు, కేసు నడుస్తోంది. నా లైసెన్సు పోయింది, పోవాల్సిందే. ఆ పూటే పెద్దాయన టోపీ, ఈల తెప్పించి నేస్తం చేతిలో పెట్టాడు. అతను టోపీ దులిపాడు గానీ పెట్టుకోలేదు.

జగ్గమ్మకి అప్పటికే ఎవరో చెప్పేశారు. ముసలిది గుమ్మంలో కూర్చుని కొడుకుని చెంబుతో నీళ్ళు తెమ్మంది. అతను తెచ్చాడు. నా ఎదురుగా ఆ నీళ్ళు మొత్తం తాగింది. తర్వాత నన్ను పిలిచి కంచం పెట్టింది. నన్ను తిట్టినా, కంచం లాగేసినా తేలిగ్గా ఉండేది. "తినీసి ఎల్లు బాబూ, ఎండన పడి ఒచ్చినావు," అంది. అన్నం, చేప పులుసు. కంచంలో వదిలితే ఆవిడని అవమానించినట్టని అంతా తిన్నాను.

బస్సు స్టాపు దాకా నేస్తం కూడా వచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నన్ను బస్సెక్కించకుండా ఎప్పుడూ వదల్లేదు. రోడ్డు దాకా నేనే మాట్లాడుతూ నడిచాను. తప్పైపోయింది నేస్తం అన్నాను. నన్ను కొట్టు అన్నాను. ఎప్పుడైనా క్షమిస్తావా అన్నాను. పైన బాతుల గుంపు ఒకటి సరస్సు వైపు వెళ్తుంటే తలెత్తి, అవి కనపడకుండా పోయేదాకా చూశాడు. కోపంగా లేడు. అలిసిపోయినట్టున్నాడు.

బరంపురం బస్సు కనపడింది. చెయ్యెత్తి ఆపాడు. నా ఖాళీ సంచి నా చేతికిచ్చి, పక్కకి తప్పుకుని, బయటివాళ్ళతో మాట్లాడేటంత మర్యాదగా అన్నాడు:

"ఎక్కండి, జగ్గారావు గారూ."

బస్సు ఎక్కాను. కండక్టరు ఎక్కడికని రెండుసార్లు అడిగాడు.